కోసిన సబ్బులు

నా ఉద్యోగ జీవితంలో నేను పట్టుకున్న దొంగతనం ఒక్కటే. పోయినవి సబ్బులు. దొంగలు ఒక క్యాంపు నిండా ఉన్నారు. వాళ్లలో నాకు కోపం తెప్పించినవాడు ఒక్కడూ లేడు.

ఇప్పుడు నేను కాకినాడలో నర్సింగ్ చదివే అమ్మాయిలకు పాఠాలు చెబుతున్నాను. నేను గొంతు పెంచి మాట్లాడను కాబట్టి వాళ్లు నాకేమీ భయపడరు. చేతులు కడుక్కోవడం గురించి పాఠం మొదలుపెట్టిన రోజున వెనక బల్లల్లో ఒక చిన్న నవ్వు పుడుతుంది. ఇది కూడా నేర్పాలా అన్న నవ్వు. నేనూ ఒకప్పుడు ఆ బల్ల మీద కూర్చుని అలాగే నవ్వాను. అందుకని తిట్టను. అమ్మాయిలూ, మీలో సగం మంది గల్ఫ్‌కు వెళ్లేవాళ్లే కాబట్టి, ఈ సంగతి ఒక్కటి చదివి వెళ్లండి.

రెండు వేల దశకం మధ్యలో నేను బహ్రెయిన్‌లో ఒక చిన్న క్లినిక్‌లో చేశాను. క్లినిక్ నయీమ్ అనే పేటలో ఉండేది. కింద దర్జీ కొట్టు, పైన మేము. డాక్టరు గారు సూడాన్ దేశస్థులు, పెద్దాయన. నెమ్మదిగా మాట్లాడతారు, నెమ్మదిగా నవ్వుతారు. కొన్ని కంపెనీల కార్మికుల ఆరోగ్యం చూసే ఒప్పందం మా క్లినిక్‌కు ఉండేది. అందులో ఒక క్యాంపు హమద్ టౌన్ దాటి వెళ్లాక వస్తుంది. అక్కడ ఉండేది దాదాపు అందరూ జగిత్యాల, కరీంనగర్, ఆర్మూర్ వైపు నుంచి వచ్చిన తాపీవాళ్లు, పైపు పనివాళ్లు, కూలీలు. క్లినిక్ మొత్తంలో తెలుగు వచ్చినదాన్ని నేను ఒక్కదాన్నే. కాబట్టి ఆ క్యాంపు నాది.

మనుషుల్లో మాట్లాడటం నాకు చేతకాని పని. శుక్రవారం మా తెలుగు క్రైస్తవ సహవాసంలో కూడా చివరి వరసలో కూర్చునేదాన్ని. పాస్టరమ్మ గారు "ఈ వారమైనా సాక్ష్యం చెబుతావా తల్లీ?" అని నా వైపు రాగానే, ప్లేట్లు కడగాలని లేచిపోయేదాన్ని. ఆ సంఘంలో నా అంత శుభ్రంగా ప్లేట్లు కడిగినవాళ్లు లేరు. గదిలో మంచం కింద సూట్‌కేసు నిండా నవలలు, దిండు కింద డైరీ. ఆ డైరీలో ఒకచోట ఇలా ఉంది: "ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు. బాగుంది."

ఆ ఎండాకాలం మొదట్లో క్యాంపు నుంచి మనుషులు రావడం మొదలైంది. కడుపులో మెలిపెట్టే నొప్పి, జ్వరం, రక్తం పడే విరేచనాలు. మన వైపు రక్తబంక అంటారే, అది. పరీక్షకు పంపితే షిగెల్లా అనే క్రిమి అని తేలింది. దాని గురించి మీకు పుస్తకంలో రెండు పేజీలు ఉంటాయి. అందులో గుర్తుంచుకోవలసింది ఒక్క మాట: అది మనిషికి అంటడానికి చాలా కొంచెం చాలు. కంటికి కనిపించనంత మలం చేతికి అంటుకుని, ఆ చెయ్యి అన్నం గిన్నెలోకి వెళితే, ఆ గిన్నె చుట్టూ కూర్చున్నవాళ్లందరి పనీ అయినట్టే.

"వెళ్లి వాళ్లకు చెప్పు," అన్నారు డాక్టరు గారు.

"నేనా?"

"వాళ్ల భాష నాకు రాదు కదా."

మధ్యాహ్నం భోజనాలయ్యాక మెస్ హాల్లో నన్ను నిలబెట్టారు. అంతమంది మగవాళ్లు, అందరి కళ్లూ నా మీద. రాసుకొచ్చిన కాగితం మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాను. అప్పుడు వంటగదిలోంచి ఒక పొడుగాటి మనిషి గరిటె పట్టుకుని వచ్చి అన్నం గుండిగ మీద ఠంగుమని కొట్టాడు.

"అరేయ్, సప్పుడు జెయ్యకుండ్రి! బిడ్డ ఏదో చెప్తదట."

ఆయన క్యాంపు వంటమనిషి. మీసాలు తెల్లబడ్డాయి గాని నవ్వు మాత్రం కుర్రవాడిది. నేను ముందురోజు రాసుకుని కంఠతా పట్టిన వాక్యం అప్పజెప్పాను.

"మలవిసర్జన అనంతరం ప్రతి ఒక్కరూ తమ హస్తములను సబ్బుతో శుభ్రపరచుకోవలెను."

వెనక నుంచి ఒకతను, "అన్నా, రేడియోల వార్తలు వస్తున్నయా?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. వంటాయన వాళ్లందరి వైపు తిరిగాడు.

"దొడ్డికి వోయొస్తే సబ్బుతోని చేతులు కడుక్కోండ్రి అంటాంది. గింతె. సమజైందా లేదా?"

"సమజైంది!"

వెళ్లేటప్పుడు ఆయనకు థాంక్స్ చెప్పాలని "బాబాయ్ గారూ" అన్నాను. "గారు గీరు ఎందుకు బిడ్డా. మా దిక్కు కాక అంటరు," అన్నాడు. అప్పటి నుంచి ఆయన నాకు కాక.

చెప్పి వచ్చానన్న సంతోషం వారం కూడా నిలవలేదు. మళ్లీ మనుషులు వచ్చారు. ఈసారి డాక్టరు గారు పెన్ను కింద పెట్టి నన్ను ఒక ప్రశ్న అడిగారు. "వీళ్లు ఎప్పుడూ ఆదివారమో సోమవారమో వస్తున్నారు. శుక్రవారం ఏం తింటారు?"

నాకు తెలుసు. క్యాంపులో అందరికీ తెలుసు. శుక్రవారం సెలవు కాబట్టి కాక మటన్ వండుతాడు. భోజనాలు అయిపోయాక పెద్ద గిన్నె అడుగున మిగిలిన అన్నం, కూర, మసాలా అంతా చేత్తో కలిపి, వరసలో నిలబడ్డ ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కొక్క ముద్ద పెడతాడు. ఊరి నుంచి కొత్తగా వచ్చినవాడికి మొదటి ముద్ద. వారమంతా గరిటెతో వడ్డిస్తే తిన్నవాళ్లు ఆ ఒక్క ముద్ద కోసం స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చి నిలబడతారు. ఒకతను నాతో అన్నాడు కూడా: "కడుపు నిండినంక తినే బువ్వ సిస్టరమ్మా, గదే అసలు బువ్వ."

ఆ ముద్దలోనే ఉంది. కాకకు పరీక్ష చేస్తే అదే క్రిమి. నెల కిందట ఆయనకు కడుపులో బాగోలేదట, రెండు రోజుల్లో తగ్గిందట, వంట ఆగిపోతుందని ఎవరికీ చెప్పలేదట. మనిషి ఆరోగ్యంగా తిరుగుతున్నాడు, క్రిమి లోపలే ఉంది.

డాక్టరు గారు మందులు రాశారు. మందులు అయ్యాక రెండుసార్లు పరీక్షలో క్రిమి లేదని తేలేదాకా వంటగదిలో అడుగు పెట్టకూడదన్నారు. క్యాంప్ బాస్ ఇంకో మాట కలిపాడు. ఆయన కేరళ నుంచి వచ్చినాయన. ఎవరితోనైనా హిందీలోనే మాట్లాడతాడు.

"సిస్టర్, మహీనా ఖతమ్ హోనే తక్ బీమారీ బంద్ నహీఁ హువా, తో కుక్ ఖలాస్. టికెట్ దేకే ఘర్ భేజ్ దూంగా."

నెలాఖరులోగా రోగం ఆగకపోతే కాకను టికెట్ ఇచ్చి ఇంటికి పంపేస్తానని. మనిషి చెడ్డవాడు కాదు. పైనుంచి ఆయన్నీ ఎవరో అడుగుతున్నారు.

నేను వెళ్లేసరికి కాక మెస్ బయట రేకుల నీడలో కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తున్నాడు, ఎవరివో అన్నట్టు.

"ఇంటికి పోవుడంటే నాకేం బాధ లేదు బిడ్డా. పోవుడే మంచిది. గని ఈ పిలగాండ్లందరి ఊర్లు మా ఊరి సుట్టే ఉన్నయి. ముద్ద వెట్టి రోగమంటిచ్చిండు, అందుకే తోలిండ్రు అని అంటే, నేను బస్టాండ్ల ఎట్ల దిగాలె?"

"మీరు తిరిగి వండుతారు కాకా," అన్నాను. అది నేను క్యాంపులో పుస్తకం భాష కాకుండా మాట్లాడిన మొదటి వాక్యం. అన్నాక భయం వేసింది. మాట ఇచ్చేశాను కదా.

ఇక నేను ఊరుకోలేదు. కుళాయిల దగ్గర నిలబడి చూశాను. మీరు గల్ఫ్ ఎండ చూడలేదు. అక్కడ వేసవిలో పైన ట్యాంకులో నీళ్లు మరిగిపోతాయి. కుళాయి తిప్పితే టీ పెట్టుకోవచ్చు. అందుకని మనవాళ్లు నీడలో ఒక నీలం డ్రమ్ము పెట్టి, ముందురోజే నింపి చల్లారబెట్టేవారు. బాత్రూం నుంచి వచ్చినవాడు అందులో మగ్గు ముంచేవాడు, మగ్గుతో పాటు వేళ్లు కూడా. తర్వాత వచ్చినవాడు మొహం కడిగేది ఆ నీళ్లతోనే. సబ్బు ఎవరికీ లేక కాదు. ఎవరి సబ్బు వాళ్ల పెట్టెలో, తాళం లోపల ఉంది. స్నానానికి తప్ప బయటకు రాదు.

డ్రమ్ము సంగతి సులువుగా తేలింది. "దీనికి అడుగున కుళాయి ఉంటే మగ్గు ముంచే పని ఉండదు కదా," అని నేను నసిగితే, ఇద్దరు పైపు పనివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పెద్ద పెద్ద హోటళ్లకు నల్లాలు వెడ్తున్నం, మన డ్రమ్ముకు వెట్టుకోకపోతిమి గదరా!" అని నెత్తి కొట్టుకున్నారు. నేను టీ తాగేలోపు కుళాయి బిగించేశారు. మర్నాటికి కుళాయి ఉన్న అలాంటి డ్రమ్ములు ఇంకొన్ని వరసగా లేచాయి.

సబ్బు దగ్గర చిక్కు వచ్చింది. క్యాంప్ బాస్ తన మంచితనం చూపించుకోవాలని మంచి సబ్బులే తెప్పించాడు. గులాబీ రంగు, గులాబీ వాసన, చుట్టూ బంగారు రంగు కాగితం. కుళాయికి ఒకటి చొప్పున పెట్టించాడు. సాయంత్రానికి లేవు. మళ్లీ పెట్టించాడు. మళ్లీ లేవు. మూడోసారికి ఆయన నా దగ్గరికి వచ్చి చాలా సీరియస్‌గా అడిగాడు: "సిస్టర్, యే లోగ్ సాబున్ ఖాతే హైఁ క్యా?"

సబ్బు తింటున్నారేమో నాకూ తెలియదు. కానీ రోగులు మాత్రం వస్తూనే ఉన్నారు. ఇప్పుడు వంట ఇంకొకరు చేస్తున్నారు, ముద్ద ఆగిపోయింది, అయినా ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంది. నెలాఖరు దగ్గర పడుతోంది.

ఒక శుక్రవారం సహవాసం అయిపోగానే క్యాంపుకు వెళ్లాను. మంచం పట్టినతను ఉప్పు-చక్కెర నీళ్లు సరిగ్గా తాగుతున్నాడో లేదో చూడాలని. మెస్ హాలు మధ్యలో పెద్ద అట్టపెట్టె ఉంది. మర్నాడు ఒక తాపీ మేస్త్రి సెలవు మీద ఇంటికి వెళుతున్నాడు. క్యాంపులో ఎవరు ఇంటికి వెళ్లినా పెట్టెకు తాడు కట్టేది కాకే. వంట లేదు కాబట్టి ఆ పని ఇంకా శ్రద్ధగా చేస్తున్నాడు. మేస్త్రి పెట్టె మీద ఎక్కి కూర్చుని అదుముతున్నాడు, కాక చుట్టూ తిరుగుతూ తాడు బిగిస్తున్నాడు.

నాకు గులాబీల వాసన వచ్చింది.

ఆ క్యాంపులో సిమెంటు వాసన వస్తుంది, వెల్లుల్లి వాసన వస్తుంది, చెమట వాసన వస్తుంది. గులాబీలకు అక్కడ పని లేదు. పెట్టె మూల చిరిగి ఉంది. అందులోంచి బంగారు కాగితం మెరుస్తోంది. నేను దాన్ని చూశాను. నేను చూడటం మేస్త్రి చూశాడు. మెల్లగా పెట్టె దిగాడు.

"సిస్టరమ్మా... మా వాడకట్టుల ఇరవై ఇండ్లు ఉంటయి. దుబాయికెంచి వచ్చినోడు ఇంటికో సబ్బన్న ఇయ్యకపోతే ఏమనుకుంటరు?"

"ఇది బహ్రెయిన్ కదా అన్నా," అన్నాను. వేరే ఏమీ తోచలేదు.

"మా ఊర్లె అంతా దుబాయే!"

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. అంత గట్టిగా నేను నవ్వడం నాకే కొత్త. నేను నవ్వడం చూసి వాళ్లకు ధైర్యం వచ్చింది. ఒకడు వెళ్లి తన ట్రంకు తెరిచాడు. ఇంకొకడు తలగడ కింద నుంచి తీశాడు. ఒకతను బూట్లలోంచి తీశాడు. కాసేపటికి బల్ల మీద గులాబీ సబ్బులు గుట్టగా పడ్డాయి. కాక మీసం కింద నవ్వుకుంటూ తన సంచిలోంచి రెండు తీసి ఆ గుట్ట పక్కన మెల్లగా పెట్టాడు.

"కాకా, మీరు కూడానా!"

"మనుమరాలు ఉన్నది బిడ్డా," అన్నాడు, అదే పూర్తి జవాబు అన్నట్టు.

నేను మేస్త్రిని అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. "అన్నా, మీ వాడలో ఎవరికైనా సగం సబ్బు ఇస్తే తీసుకుంటారా?"

ఆయన హడలిపోయాడు. "సగం సబ్బా? మొఖం మీదనే ఇసిరికొడ్తరు!"

నేను కాక వైపు చూశాను. కాక సబ్బుల వైపు చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"ఎవడన్న పోయి నా కత్తి పట్కరాండ్రి. కత్తి వట్టక చేతులు గుంజుతున్నయి."

ఆయన సబ్బులు కోసిన తీరు నేను ఇప్పటికీ మరిచిపోలేను. ఒక చెక్క వేసుకుని, బంగాళాదుంపలు కోసినట్టు టకటకా నాలుగేసి ముక్కలు చేశాడు. చుట్టూ మూగినవాళ్లు ఒక్కొక్క సబ్బు తెగినప్పుడల్లా "అయ్యో, మా అత్తది వాయె!" "మా వదినెది వాయె!" అని ఏడుపు నటించారు. మేస్త్రి పెట్టె జోలికి మాత్రం మేము వెళ్లలేదు. ఆ ఇరవై ఇళ్లకూ సబ్బులు చేరాలి కదా. కట్టడాలకు కట్టే ఆకుపచ్చ వల చింపి చిన్న సంచులు చేసి, అందులో ముక్కలు వేసి, కుళాయికొకటి వేలాడదీశారు. ఆ రోజు నుంచి ఒక్క ముక్క కూడా పోలేదు. ముక్కలు చేసిన సబ్బు ఏ పెట్టెలోకీ ఎక్కదు.

"ఎంత సేపు కడగాలె?" అని అడిగాడు ఒకడు.

"ఇరవై సెకండ్లు."

"సెకండ్లు ఎవడు లెక్కవెడ్తడు సిస్టరమ్మా?"

గల్ఫ్‌కు రాకముందు కాక జగిత్యాల బస్టాండులో టిఫిన్ బండి నడిపాడు. కండక్టర్ల కేకలన్నీ ఆయనకు నోటికి వచ్చు. కుళాయి దగ్గరికి వెళ్లి, చేతులకు సబ్బు రుద్దుతూ, కండక్టరు గొంతుతో మొదలుపెట్టాడు.

"కరీంనగర్, కరీంనగర్! ఎవలన్న ఉన్నరా, ఎక్కుండ్రి! కొత్తపల్లీ... గంగాధరా... పూడూరూ... జరుగుండ్రి, జరుగుండ్రి... కొండగట్టూ, దండం వెట్టుకోండ్రి... జగిత్యాలా! ఆఖరి స్టాపు, దిగుండ్రి!"

అప్పుడు చేతులు నీళ్ల కింద పెట్టాడు. నేను చేతి గడియారం చూశాను. ఇరవై సెకండ్ల కంటే ఎక్కువే.

"బస్సు జగిత్యాలకు రాకముందు ఎవడన్న దిగిండో, వాని పని చెప్త!"

ఆర్మూరు వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల బస్సు వేరు. మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల వస్తామన్నారు. రెండు బస్సుల మధ్య గొడవ జరిగింది. చివరికి ఎవరు ఏ దారిన వచ్చినా జగిత్యాలలోనే దిగాలని ఒప్పందం కుదిరింది. మర్నాడు పొద్దున డ్యూటీ బండి ఎక్కేముందు కుళాయిల దగ్గర ఎన్ని బస్సులు బయలుదేరాయో! పక్క గదిలో ఉండే బెంగాలీ భాయ్‌లు కూడా అర్థం తెలియకుండానే "కొండగట్టూ" అంటూ చేతులు తోముకున్నారు.

ఆ తర్వాతి ఆదివారం క్లినిక్‌కు ఒకతను వచ్చాడు. దాని తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. డాక్టరు గారు ఖాళీ బెంచీ చూసి, "ఈ రోజు మనకు పని లేదు, చాలా మంచి రోజు," అన్నారు. కాక మొదటి పరీక్షలో క్రిమి లేదు. రెండోదానిలోనూ లేదు. నెలాఖరుకు ముందే కాగితం క్యాంప్ బాస్ చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, "కుక్ వాపస్," అన్నాడు.

అయిపోయిందని నేననుకున్నాను. కాలేదు. ఆ శుక్రవారమే అసలైన రోజు.

వెళ్లేముందు డాక్టరు గారిని అడిగాను, ముద్ద సంగతి ఏం చెయ్యమంటారని. ఆయన నెమ్మదిగా నవ్వారు. "మా ఇంట్లో ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని అందరం చేత్తోనే తింటాం. తప్పు చేతిది కాదు. కడగకపోవడానిది."

కాక మటన్ వండాడు. గరిటెతో వడ్డించినంతసేపూ అందరూ తిన్నారు, మెచ్చుకున్నారు. భోజనాలు అయ్యాక ఆయన కుళాయి దగ్గరికి వెళ్లి, అందరూ చూస్తుండగా కరీంనగర్ నుంచి జగిత్యాల దాకా చేతులు కడుక్కున్నాడు. ఆ రోజు కేక పెట్టలేదు, పెదాలు మాత్రం కదిలాయి. పెద్ద గిన్నె ముందు పెట్టుకుని, అడుగు అన్నం కలిపి, మొదటి ముద్ద చేసి పట్టుకున్నాడు.

ఎవరూ లేవలేదు.

వాళ్లకు ఆయనంటే ప్రేమ లేక కాదు. కడుపులో మెలిపెట్టిన ఆ నొప్పి ఇంకా గుర్తుంది. ఒకరు ప్లేటు చూస్తున్నారు, ఒకరు పళ్లు కుట్టుకుంటున్నారు. ముద్ద ఆయన చేతిలోనే ఉంది. ఆయన దాన్ని తిరిగి గిన్నెలో వేయబోయాడు.

నేను నలుగురి ముందు తినను. సహవాసం విందులో కూడా గోడ వైపు తిరిగి తింటాను. కానీ ఆ చెయ్యి గిన్నెలోకి దిగిపోతే ఇక పైకి లేవదని నాకు తెలిసింది. లేచాను. కుళాయి దగ్గరికి వెళ్లాను. సబ్బు రుద్దుకుంటూ, నా గొంతు నాకే వినపడేంత గట్టిగా అన్నాను:

"కరీంనగర్, కరీంనగర్... కొత్తపల్లి..."

"గంగాధర..." అన్నాక తర్వాత ఏమిటో మరిచిపోయాను. వెనక నుంచి ఎవరో అందించారు.

"పూడూరు సిస్టరమ్మా!"

"పూడూరు. కొండగట్టు. జగిత్యాల."

వెళ్లి కాక ముందు అరచెయ్యి చాపాను. ఆయన ముద్ద పెట్టాడు. వేడిగా, కారంగా, అడుగు మాడిన రుచితో ఉంది. అందరి ముందూ, గోడ వైపు తిరగకుండా తిన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఏమాయె బిడ్డా?" అన్నాడు కాక కంగారుగా.

"కారం కాకా."

"గోదారోళ్లకు గీ కారానికే కండ్లల్ల నీళ్లు!" అని వెనక నుంచి రేడియో వార్తల మనిషి అరిచాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి, బస్సు పోతున్నది!" అని అతనే కుళాయి వైపు పరుగెత్తాడు. అతని వెనక ఇంకొకడు. ఆ తర్వాత తోపులాట. రెండు బస్సులూ ఒకేసారి బయలుదేరి గొంతులు కలిసిపోయాయి. క్యాంప్ బాస్ కూడా గుమ్మంలో ప్యాంటుకు చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కాక ఆయనకు గరిటె చూపించి, "సాబ్, పహ్లే సాబున్!" అని వెనక్కి పంపించాడు. నేను ఆ తర్వాత రెండో ముద్ద కూడా అడిగి తిన్నాను. ఆ రాత్రి డైరీలో రాసింది ఒక్క మాటే: "కారం ఎక్కువైంది. బాగుంది."

కాక ఇంకో ఏడాది వండి, తన ఇష్టంతో, తన పెట్టెకు తనే తాడు కట్టుకుని ఇంటికి వెళ్లాడు. క్యాంపులో ఒక్కొక్కరూ తమ ట్రంకుల్లోంచి ఒక్కొక్క నిండు సబ్బు తెచ్చి ఆ పెట్టెలో వేశారు. మనుమరాలికి అని. బస్టాండులో ఆయన ఎట్ల దిగి ఉంటాడో నాకు తెలుసు.

అందుకే అమ్మాయిలూ, ప్రాక్టికల్ క్లాసులో నేను కుళాయి దగ్గర పెదాలు కదుపుతుంటే ప్రార్థన చేసుకుంటున్నానని మీరు చెవులు కొరుక్కోవడం నేను విన్నాను. ప్రార్థన కాదు. నేనింకా పూడూరులో ఉన్నాను. జగిత్యాల ఊరు నేను ఒక్కసారి కూడా చూడలేదు గాని, రోజుకు ఎన్నిసార్లు దిగుతానో లెక్కలేదు. మీరు కూడా ఆఖరి స్టాపు దాకా రండి. మధ్యలో దిగకండి.